నల్ల కారుకు కుంకుమ

నందికొట్కూరు దారిలో ఒక ఊరి దగ్గర మా బస్సు చెడిపోయింది. ఆ ఊరి దొరగారి పాత కార్లను ఆయుధపూజ నాడు అందరికీ చూపిస్తారంటే షెడ్డుకు వెళ్లాం. తళతళలాడే నల్ల కారుకు కుంకుమ పెట్టి, ఇంతటి వింత చూపించిన దేవుడికి దండం పెట్టుకున్నాను. మా బస్సులోనే వచ్చిన, భుజాన నూలు మూట ఉన్న ముసలాయన మాత్రం లోపలి తెల్ల సీటునే చూస్తున్నాడు.

“నువ్వు గూడా మొక్కు తాతా,” అన్నాను.

“ఎప్పుడో మొక్కినా తల్లీ. అప్పుడు ఈ ఊళ్లోనే ఉంటిమి. నా బిడ్డ కాన్పు నొప్పులు పడతాంటే, కర్నూలు ఆసుపత్రికి ఈ కారులో తోలండని దొర కాళ్లు పట్టుకుంటి. సీటు పాడైతాదనిరి. ఎద్దులబండిలో సగం దారికే పానం పాయ.”

ఆయన వంగి మళ్లీ చూశాడు.

“శానా బాగుండాది. మరక గూడా లేదు.”

పూజలో వేలికి మిగిలిన కుంకుమ నుదుట పెట్టుకోవడం నా అలవాటు. ఆనాడు కొంగుకు తుడిచేశాను.