నోరు తెరిస్తేనే గుడ్డు

గత మంగళవారం పొద్దున్న మా ఊరి అంగన్‌వాడీ ఆయమ్మ కన్నుమూసింది. అనకాపల్లిలో నేను పనిచేసే పళ్ళ ఆసుపత్రి అప్పుడే తెరిచి, వచ్చినవాళ్ళకి చీటీలు రాస్తున్నాను. ఆయమ్మ పక్కింటి వదిన ఫోన్ చేసింది. "మూడు రోజులై జొరమే. తెల్లారి లేపితే నెగనేదే. ఆయమ్మ ఎలిపోనాదే," అంది. ఫోన్ పెట్టేసి తర్వాతి పేరు పిలిచాను. ఏ పేరు పిలిచానో ఇప్పుడు గుర్తులేదు.

ఆవిడకి పిల్లల్లేరు. అమ్మ పోయాక ఊళ్ళో నాకంటూ మిగిలింది ఆవిడొక్కతే. ఈ నాలుగు మాటలూ ఎవరితో చెప్పుకోవాలో తెలియక మీకు రాస్తున్నాను.

మాది కశింకోట దగ్గర చెరుకు పండే పల్లె. అంగన్‌వాడీలో చేరకముందు ఆయమ్మ బెల్లం వండే పాక దగ్గర పసిపిల్లల్ని చూసుకునేది. తల్లులు చెరుకు నరకడానికి పోతూ చంటిబిడ్డల్ని ఆ పాక నీడలో ఆవిడకి అప్పగించేవారు. ఏడ్చిన బిడ్డ నోట్లో ఆవిడ బెల్లం ముక్క కట్టిన పాత చీర పేలిక పెట్టేది. బిడ్డ చప్పరిస్తూ నిద్రపోయేది, తల్లి పని ఆగేది కాదు. అలా చప్పరించి పెరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. మూడేళ్ళొచ్చేసరికి నా ముందుపళ్ళు నల్లబడి మొదళ్ళే మిగిలాయి. ఊళ్ళో సగంమంది పిల్లలకి అంతే. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడేవే అని ఎవరూ పట్టించుకోలేదు.

ఆసుపత్రిలో చేరిన కొత్తలో మా డాక్టరమ్మని బతిమాలి మా ఊరికి తీసుకెళ్ళాను. అంగన్‌వాడీలో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్క నోరూ చూస్తుంటే డాక్టరమ్మకి కోపం ఆగలేదు. "నోట్లో బెల్లం పెట్టి నిద్రపుచ్చమని ఎవరమ్మా మీకు చెప్పింది?" అని గట్టిగా అడిగింది. తల్లులంతా తలలు దించుకున్నారు. అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. గుడ్లు ఉడకబెడుతున్న ఆయమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది.

"నానేనమ్మా. ఈ ఊల్లో మొదలెట్టింది నానే. ఈలకేటీ తెల్దు. ఈలనేటీ అనకండి."

డాక్టరమ్మ తర్వాతి పిల్లాడి నోరు తెరిపించింది. తిరుగు ప్రయాణంలో రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చి, ఆయమ్మ నన్ను పక్కకి పిలిచింది. "నీ పల్లు కూడా నానే తినీసేనా పిల్లా?" అంది. నాకు కొత్తపళ్ళొచ్చి ఎన్నేళ్ళయిందో! నవ్వేసి ఆటో ఎక్కేశాను. నువ్వు చూసుకోకపోతే మా అమ్మ పనికెలా వెళ్ళేది, మాకు కూడెక్కడిది అని ఒక్క మాట అనుంటే ఏం పోయేది? అనలేదు.

ఆ మర్నాటి నుంచి అంగన్‌వాడీలో కొత్త చట్టం వచ్చింది. "నోరు తెరిత్తేనే గుడ్డు." పిల్లలు వరసలో నిలబడి 'ఆ' అనాలి. ఆవిడ ఒక్కొక్క నోట్లోకీ తొంగిచూసి అప్పుడు గుడ్డు చేతిలో పెట్టేది. తిన్నాక పుక్కిలించకుండా పారిపోయేవాడికి చెవి మెలిపెట్టడమే. తల్లులు సణిగితే, "బెల్లం మన ఊరి దేవుడే, కాదన్ను. దేవుడని సెప్పి నోట్లో ఎట్టుకుని తొంగుంటామేటి?" అనేది.

చెంప వాచిన పిల్లల్ని శనివారం మధ్యాహ్నం షేర్ ఆటోలో తనే తెచ్చేది. తల్లి వస్తే ఆరోజు పని పోతుంది మరి. మా ఆసుపత్రికి బెల్లం వ్యాపారుల ఇళ్ళ పిల్లలూ వస్తారు. వాళ్ళవీ పుచ్చుపళ్ళే. కానీ చుక్క కనపడగానే కార్లో తెచ్చేస్తారు. ఒకసారి ఒక షావుకారింటి కోడలు కొడుకు పంటిమీద చుక్క చూపించి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఏడవకమ్మా, మీరు తొరగా ఒచ్చీసేరు," అని ఆయమ్మే ఆవిణ్ణి ఓదార్చింది. తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఉన్నోల బిడ్డకి పన్ను పుచ్చితే జబ్బు. మన బిడ్డకి పుచ్చితే వయసు. అంతేనేటే?"

నేను తల ఎత్తకుండా చీటీ రాశాను. అంతలోనే, "బేగి రాయే. మీ డాక్టరమ్మ కన్నా సెరుకు లారీ నయం," అని దెప్పింది. మొన్న శనివారం ఆయమ్మ పిల్లలతో కూర్చునే బెంచీ మీద వేరేవాళ్ళెవరో కూర్చున్నారు. నాకు లేవమనాలనిపించింది.

ఆవిడ నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మన ఆడవాళ్ళకి అది మామూలే అనుకున్నాను. జంతికలు పట్టుకెళ్తే టీలో నానబెట్టుకునేది. "మెత్తగుంటే రుచెక్కువే," అనేది. పళ్ళ ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, ఆ మాట నమ్మాను.

ఆ మంగళవారం నేను ఊరు చేరేసరికి ఆయమ్మని లోపలిగదిలో చాప మీద పడుకోబెట్టారు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నోట్లో తులసినీళ్ళు పోస్తున్నారు. నేను పోసిన నీళ్ళు లోపలికి పోక పెదవి మీదనుంచి జారిపోయాయి. రెండు వేళ్ళతో దవడ కొంచెం దించాను. ఎడమవైపు ఒక్క పన్నూ సరిగ్గా లేదు. చిగురంతా వాచిపోయి ఉంది.

వదినవైపు చూశాను. "ఏడాదై నొప్పే. లవంగం ఎట్టుకుని తొంగునేది," అంది వదిన. "నీకు సెప్తానంటే ఒట్టేయించుకుంది. 'దానికి తెలిత్తే పిల్లల సీటీలు ఆపీసి నా సీటీ రాత్తాది' అంది."

వెనక గ్లాసు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన జరగమన్నాడు. కొంచెం ఆగమన్నాను. ఆ గదిలో వెలుతురు చాలలేదు. ఫోన్‌లో లైటు వేసి, ఆయమ్మ గడ్డం పట్టుకుని, ఒక్కొక్క పన్నూ చూస్తూ కూర్చున్నాను.