నాంపల్లి రెసిడెన్సీలో ప్రభావతి

నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల రెసిడెన్సీ అంటే లాడ్జి. ఈ సంగతి చిన్నపిల్లలను అడిగినా చెప్తారు. పెళ్ళికొచ్చిన చుట్టాలు, రైలు తప్పిపోయినవాళ్ళు, ఆఫీసుల చుట్టూ తిరగడానికి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు దిగే చోటు. అలాంటి రెసిడెన్సీకి అబిడ్స్ బాలకిషన్ భార్య పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిందని వినగానే చుట్టాలంతా నోరెళ్ళబెట్టారంటే అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

నిజానికి ప్రభావతి వెళ్ళింది ఆర్ట్ రెసిడెన్సీకి. బొమ్మలు వేసేవాళ్ళకు, కథలు రాసేవాళ్ళకు ఒక నెలపాటు గది, తిండి, రంగులు ఇచ్చి, మీ పని మీరు చేసుకోండని వదిలేసే ఏర్పాటు. స్టేషన్ వెనక ఒక పాత బంగళాలో కొందరు కళాభిమానులు నడుపుతున్నారు. తల్లికి చెప్పకుండానే కూతురు స్నేహ ఫోన్‌లో దరఖాస్తు పెట్టేసింది. షరతు ఒక్కటే, నెలంతా అక్కడే ఉండాలి. ఆటోలో సర్దుకుని కూర్చునేలోపు ఇల్లు వచ్చేస్తుంది, అయినా ఉండాల్సిందే.

ప్రభావతిది అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో కాపురం. మొగుడికి మెయిన్ రోడ్డు మీద సూట్‌కేసుల దుకాణం. పెళ్ళికి ముందు ఆమె బడిలో డ్రాయింగ్ టీచరు. ఉద్యోగం మానేసినా చెయ్యి ఊరుకోలేదు. ఇంటికొచ్చిన పెళ్ళికార్డుల వెనక బొమ్మ వేసేది, దాని కింద నాలుగు వాక్యాల్లో కథ రాసేది. పెళ్ళికార్డులే ఎందుకంటే అట్ట గట్టిగా ఉంటుంది, పెళ్ళయిపోయాక ఎవరికీ అక్కరలేదు కూడా. ఆ బుల్లి కథలు చాలా బాగుంటాయి. మొహమాటానికి అంటున్న మాట కాదు. కాకపోతే ఒక్కదానికీ ముగింపు ఉండదు. ఏదో ఒక గదిలోంచి "ప్రభా!" అని కేక వినపడేది, కథ అక్కడితో ఆగిపోయేది.

అందులో ఒక కథ ఆమెను అసలు వదిలేది కాదు. ఒకావిడ గదిలోకి వెళ్ళి లోపలి నుంచి గడియ పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏమవుతుంది? ఎన్నిసార్లు వేసినా ఆ బొమ్మ మూసిన తలుపుకు ఇవతలి నుంచే వచ్చేది. అవతల ఏముంటుందో ప్రభావతికి తెలిస్తేగా! వాళ్ళ వంటింటికి తలుపే లేదు. పడకగదిలో బీరువా ఉంది కాబట్టి అది అందరి గది. ఇక స్నానానికి వెళ్తే, తలుపు అవతల నిలబడి చక్కెర డబ్బా ఎక్కడుందని అడిగే మొగుడు. మంచివాడే పాపం, భార్య కనపడకపోతే ఆయనకు కాలు నిలవదు. ఆ ఒక్క కథ పూర్తి చేయడానికే ప్రభావతి నాంపల్లి వెళ్ళింది. ఇప్పుడు కాకపోతే ఇక ఈ జన్మకు కాదని ఆమెకు గట్టిగా అనిపించింది.

బంగళా వ్యవహారాలు చూసే హాసిని అనే అమ్మాయి గది చూపించి, తలుపంత కాగితం గోడకు అంటించింది. "మేడం, మిమ్మల్నెవరూ డిస్టర్బ్ చెయ్యరు" అని వెళ్ళిపోయింది. ప్రభావతి గడియ పెట్టుకుంది. పెట్టుకుని, హాయిగా నిద్రపోయింది.

లేచాక గది ఊడ్చింది. ఊడ్చిందే మళ్ళీ ఊడ్చింది. కింద వంటగదిలో కుక్కర్ కూత పెడితే ఇక్కడ ఈవిడ లెక్కపెట్టింది. రోజులు గడుస్తున్నాయి గానీ కాగితం తెల్లగానే ఉంది. ఇన్నేళ్ళూ తీరిక లేక కథ ఆగిందనుకుంది. తీరా తీరిక దొరికాక తనలో ఏమీ లేదని తేలితే? నెలాఖరున నలుగురిని పిలిచి బొమ్మలు చూపించాలి. అదొక బెంగ.

ఈలోగా అబిడ్స్‌లో ఎవరో అడిగితే బాలకిషన్, "మా ఆమె నాంపల్లి రెసిడెన్సీల ఉన్నది" అని అమాయకంగా చెప్పాడు. ఆ మాట చిలవలు పలవలుగా పెరిగి చాదర్‌ఘాట్‌లో ఉన్న ఆయన చెల్లెలు జానకి చెవిన పడింది. రాజీ కుదర్చడానికి ఆవిడ టిఫిన్ డబ్బాతో సహా వచ్చేసింది.

"వదినే, అన్న నిన్ను ఏమన్నడు? నాతోని చెప్పు. గీ వయసుల లాడ్జిల ఉంటరా ఎవరన్న?"

ప్రభావతికి నవ్వి నవ్వి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "లాడ్జి కాదే జానకీ. బొమ్మలేసుకోమని గది ఇచ్చిన్రు."

"బొమ్మలు ఇంట్ల ఏసుకోరాదా? ఎవరు వద్దన్నరు?"

"ఎవ్వరు వద్దనలే. అందరు పిలుస్తరు."

జానకి తలుపు వంక, గడియ వంక చూసింది. "జర తలుపెయ్యి వదినే, ఎట్లుంటదో నేను గూడ చూస్త" అంది. వేసిన కాసేపటికి మంచం మీద ఒరిగి గురక పెట్టింది. ఆ నిద్రపోయే మొహం చూస్తుంటే ప్రభావతికి కథ దొరికింది. అవతల ఏ రహస్యమూ లేదు. గడియ పెట్టుకున్న ఆవిడ ముందు కడుపునిండా నిద్రపోతుంది!

జానకి వెళ్ళాక ప్రభావతి బ్రష్ పట్టింది. తెల్ల కాగితం మీద గది వచ్చింది, మంచం వచ్చింది, నిద్రలేచి జుట్టు ముడేసుకుంటున్న మనిషి వచ్చింది. మూసిన తలుపు ఈసారి లోపలి నుంచి వచ్చింది. అయితే మళ్ళీ చివర్లో చిక్కు. ఆవిడ బయటికెలా వస్తుంది? ఎవరో పిలుస్తారు, వెళ్ళిపోతుంది. అంతేగా ఎప్పుడూ జరిగేది! అది రాయడానికి మాత్రం ప్రభావతికి చెయ్యి రాలేదు.

బొమ్మలు చూపించే రోజు రేపనగా, సాయంత్రం వరండాలో చెప్పుల చప్పుడైంది. కిర్రుమనే ఆ చెప్పులు ఎవరివో ఆమెకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు కేక వినపడుతుంది. అలవాటు కొద్దీ బ్రష్ కింద పెట్టబోయింది.

కేక రాలేదు. తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు వచ్చింది.

"ప్రభా, లోపలికి రావచ్చునా? తలుపు కొట్టి అడగాలని జానకి గట్టిగ చెప్పింది."

పెళ్ళయిన నాటి నుంచి ఆయన నోట ఆమె వినని ప్రశ్న అది. గబుక్కున వెళ్ళి తలుపు తీయాలనిపించింది. కానీ బ్రష్ మీద రంగు తడిగా ఉంది.

"జర ఆగున్రి" అంది.

"ఔ, ఔ. నేనేడికి పోతలేను. నీ పని చూస్కో."

తలుపు కింద సందులో రెండు పాదాల నీడ పడింది. ప్రభావతి ఆ నీడను ఉన్నదున్నట్టు బొమ్మలో వేసింది. కింద రాసింది: "తలుపు తట్టారు. ఆగమంది. ఆగారు." అప్పుడు వెళ్ళి గడియ తీసింది.

బాలకిషన్ బొమ్మను చాలాసేపు చూశాడు. "ఆ కాళ్ళు నావేనా?"

"మరెవరివి?"

"ముందే చెప్తే చెప్పులు పాలిష్ కొట్టుకొని వద్దును గద" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు నలుగురికీ ఆ బొమ్మ చూపించి ప్రభావతి ఇంటికొచ్చేసింది. ఇప్పుడూ పెళ్ళికార్డుల వెనకే వేస్తుంది, కానీ కథలకు ముగింపులు వస్తున్నాయి. మొన్న ఒకనాడు వంటింట్లో కార్డు ముందేసుకుని కూర్చుంటే బాలకిషన్ చాయ్ కోసం వచ్చాడు. వంటింటికి తలుపు లేదు కదా, ఏం చెయ్యాలో తోచక పక్కనున్న గోడను తట్టాడు.

"జర ఆగున్రి" అంది ప్రభావతి.

ఆగాడు.