ఎడమకు పోయే తుపాకి

ఆ రోజుల్లో నాతో వారానికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి దొరికితే అదే పండగ. జర్మనీలో, క్లాస్తాల్ అనే చిన్న ఊళ్ళో మాస్టర్స్ రెండో ఏడు. నాతో గది పంచుకున్న స్నేహితుడు ఇంటర్న్‌షిప్ దొరికి కొలోన్ వెళ్ళిపోయాడు. గదిలో నేనూ రైస్ కుక్కరూ మిగిలాం. (సూపర్ మార్కెట్లో క్యాషియరమ్మ "రసీదు కావాలా?" అని అడగడాన్ని కూడా నేను సంభాషణ కిందే జమకట్టేవాణ్ణి. అవసరం లేకపోయినా కావాలనేవాణ్ణి.) అలాంటి సమయంలో మా వీధి చివరి షూటింగ్ క్లబ్బు వాళ్ళు, కొత్తవాళ్ళు చేరవచ్చని కాగితం అంటించారు. ఊళ్ళో పెద్దవాళ్ళు గురువారం సాయంత్రాలు అక్కడ చేరి, ఎయిర్ రైఫిళ్ళతో అట్ట మీది చుక్కను కొట్టి, ఆ తర్వాత బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. నా గురి మొదటి నుంచీ ఆ బల్ల మీదే.

మొదటి నెల క్లబ్బు రైఫిలుతోనే కాల్చాను. ఎవరి గడిలో వాళ్ళు నిలబడి కాల్చుకునేవారు, నన్ను చూసి తల ఊపి ఊరుకునేవారు. అప్పుడు మీసాల తాత (ఆయన అసలు పేరుకు నా నోరు తిరగలేదు) తన రైఫిలు అమ్ముతానన్నాడు. చెక్క నున్నగా మెరిసిపోతోంది. సొంత రైఫిలుంటే నేనూ వాళ్ళలో ఒకణ్ణవుతానని ఆశపడి, వెనకాముందూ చూడకుండా కొనేశాను. తాత ఎంతో సంతోషంగా అమ్మాడు. ఆ సంతోషం చూసైనా నాకు అనుమానం రావలసింది.

వీడియో కాల్‌లో మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "తుపాకెందుకుర బిడ్డా? ఆడ పులులున్నయా?" మళ్ళీ తనే, "సరే, కొన్నవ్ గద. దసరా దగ్గరికొచ్చింది. పూజ చెయ్యకుంట ముట్టకు" అంది. చెప్పింది చెప్పినట్టు చేశాను. పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి దిష్టి తీశాను. గొట్టం చివర, గురి చూసే చోట ఒక పెద్ద బొట్టు పెట్టాను. (రైఫిలుకు నుదురు అదేననుకున్నాను.)

ఆ గురువారం గుళ్ళన్నీ ఎడమకు పోయాయి. ఒకటి పక్కాయన అట్ట మీద పడింది. ఆయన వచ్చి, "ఏమిటిది, తుప్పా?" అంటూ బొట్టును గోటితో గోకాడు. నేను వచ్చీరాని జర్మన్‌లో దసరా గురించి చెప్పడం మొదలుపెట్టగానే బల్ల దగ్గరున్న వాళ్ళందరూ లేచొచ్చారు. బొట్టు తుడిచి కాల్చినా ఎడమకే. గొట్టం వంకరని ఒకాయన, నా మోచెయ్యి వంకరని ఒకావిడ. ఇంకొకాయన స్క్రూడ్రైవరు తెచ్చాడు. ఆయన ఎంత తిప్పినా అది ఎడమను వదల్లేదు. ఆ సాయంత్రం నేను బల్ల మధ్యలో కూర్చున్నాను. తర్వాత ప్రతి గురువారమూ తలుపు తెరవగానే "ఇవాళ ఎటు పోతుంది?" అని అరిచేవారు. పెళ్ళికొడుక్కి కూడా అంత మర్యాద జరగదు. తాత మాత్రం చివరి గడిలో కొత్త రైఫిలుతో ఒక్కడే కాల్చుకునేవాడు. నేను పట్టించుకోలేదు.

క్రిస్మస్ ముందు క్లబ్బులో పోటీ వచ్చింది. కూర్చుని తినే బుద్ధి ఉంటే బాగుండేది, నాకు గెలవాలనే బుద్ధి పుట్టింది. మంచి రైఫిలు ఒకటి కొనుక్కుని, పాతది అమ్ముతానని క్లబ్బు బోర్డు మీద కాగితం పెట్టాను. మర్నాడే తాత మా గది తలుపు కొట్టాడు. టోపీ చేతిలో పట్టుకుని, "అమ్మి తప్పు చేశాను" అన్నాడు.

"అది ఎడమకు పోతుందని మీకు తెలుసా?"

"ఇరవై ఏళ్ళుగా తెలుసు. మా ఆవిడ పోయాక కూడా, దాన్ని చూడ్డానికే అందరూ నా దగ్గరికి వచ్చేవారు."

"మరెందుకు అమ్మారు?"

"చచ్చేలోగా ఒక్కసారైనా చుక్క మధ్యలో కొడదామని. కొట్టాను. ఎవరూ చూడలేదు."

నాకు జాలేసింది గానీ ఆ మాట తలకెక్కలేదు. రైఫిలు ఇచ్చేశాను.

పోటీ రోజున నా కొత్త రైఫిలు చెప్పినమాట విన్నది. గుళ్ళన్నీ మధ్యలోనే. "గుట్, బాగుంది" అని ఒకాయన నా భుజం తట్టి, తాత గడి వైపు వెళ్ళిపోయాడు. అక్కడ స్క్రూడ్రైవరు, నవ్వులు, గొట్టం మీద వాదన. నేను అట్ట చేత్తో పట్టుకుని, చూపించడానికి మనిషి లేక నిలబడ్డాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. రెండు వారాలు ఓర్చుకుని సిగ్గు విడిచి తాతను అడిగాను, నా కొత్తది తీసుకుని పాతది ఇస్తారా అని.

"ఇవ్వను" అన్నాడు తాత. తర్వాత నా మొహం చూసి, బల్ల దగ్గర కుర్చీ ఒకటి పక్కకు లాగాడు. "రా, కూర్చో. అది ఎందుకు ఎడమకు పోతుందో నువ్వూ చెప్పు."

ఆ చలికాలమంతా చెప్పాను. ఇప్పుడు కొలోన్‌లో ఉద్యోగం, సొంత ఇల్లు, ఎవరి పనుల్లో వాళ్ళు. నా సైకిల్ చెయిన్ కిర్రుకిర్రుమంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే, ఎవరో ఒకరు వంగి చూసి "నూనె వెయ్యాలండీ" అంటారు, అక్కణ్ణుంచి మాట మొదలవుతుంది. నూనె డబ్బా కొని మూడేళ్ళయింది. మూత ఇంకా తీయలేదు.