బల్ల మీద వెల్లకిలా మూత

మా అత్తగారు పోయారు. మా రైల్వే ఊరి ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో ఆవిడ చేతి ఇడ్లీ తిన్నవాళ్ళకి ఆ కబురు ఈపాటికి అందే ఉంటుంది. పొద్దున్నే పొయ్యి అంటించి, "ఒలే, గుండెల్లో ఏటోలా ఉందే" అంటూ మా ఇడ్లీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు. నేను చదివింది ఐదో తరగతి వరకే. అయినా నలుగురిలో నోరు విప్పడం కంటే రాయడమే నాకు కాస్త నయం.

పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను కొట్టు ముందుకి వచ్చేదాన్నే కాదు. వెనక చట్నీ రుబ్బుకునేదాన్ని. ఎవరైనా బెంగాలీలో వదినా అన్నట్టు "బౌదీ, దో ప్లేట్" అని పిలిస్తే లోపలికి పారిపోయేదాన్ని. అత్తగారు నవ్వేవారు. "నిన్ను తినేత్తారేటే? ఆళ్ళొచ్చింది ఇడ్లీ తినడానికి!"

ఇక్కడి చలికి పిండి పొంగడం కష్టం. పిండి గిన్నెకి మామగారి పాత రైల్వే కోటు చుట్టి, గుండీలు కూడా పెట్టేవారు ఆవిడ. "నాకెప్పుడైనా అలా గుండీలు పెట్టినావా?" అని మామగారు దెప్పేవారు. అయినా కొన్ని రోజులు పిండి మొండికేసేది. ఆ రోజు ఇడ్లీ పాత్ర మూత తీసి, వీధి వైపు బల్ల మీద వెల్లకిలా పెట్టేవారు. ఈ రోజు ఇడ్లీ లేదని అర్థం. రైల్వే వర్క్‌షాపుకి వెళ్ళేవాళ్ళు దూరం నుంచే చూసి, సైకిల్ దిగకుండా సాగిపోయేవారు.

లాభం చేదనే మనిషి కాదావిడ. పిండి బాగా కుదిరితే, దసరా పూజల రోజుల్లో అద్దె పొయ్యిలు తెచ్చి, చేతులు కాలుతున్నా వచ్చిన జనాన్ని వదిలేవారు కాదు. కానీ ఒక చలికాలం, మూత వెల్లకిలా ఉన్న రోజునే పిక్నిక్ బస్సొకటి వచ్చి ఆగింది. మా ఆయనకి ఆశ పుట్టింది.

"అమ్మా, సోడా ఏసి దించీ. బస్సుడు జనం! ఆళ్ళేటి, మళ్ళీ వత్తారా?"

"రారు. రోజూ వచ్చినోళ్ళు మాత్రం ఈ మూతకేసే సూత్తన్నార్రా. మూత తిప్పీసి అమ్మితే, రేపు మన మాట ఎవుడు నమ్ముతాడు?"

బస్సు వెళ్ళిపోయింది. మా ఆయన సోడా డబ్బా మూత బిగించి లోపల పెట్టేశారు.

ఆవిడ పెద్దకర్మ అయ్యేదాకా కొట్టు మూసేశాం. ఈలోగా మలుపులో కొత్త టిఫిన్ బండి వచ్చింది. మా దగ్గర తినేవాళ్ళు చాలామంది అటు అలవాటు పడ్డారు. ముసలావిడతోనే కొట్టు పోయిందని వీధిలో అనుకున్నారు. మళ్ళీ తెరవాలనుకున్న రోజు పొద్దున్న కోటు గుండీలు విప్పి చూస్తే, పిండి పొంగలేదు.

మా ఆయన సోడా డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. "ఈ ఒక్క రోజుకీ ఏసీవే. ఇయ్యాల కూడా లేదంటే ఇంకెవుడొత్తాడు?"

ఆయన భయం అబద్ధం కాదు. ఆయనకి నేను ఎప్పుడూ ఎదురు చెప్పిందీ లేదు.

"ఇయ్యాల ఏత్తే రేపూ ఎయ్యాలండి," అన్నాను. మూత తీసుకుని వీధి వైపు వచ్చాను. బల్ల మీద వెల్లకిలా పెట్టి, లోపలికి పోకుండా దాని పక్కనే నిలబడ్డాను.

చాలా సైకిళ్ళు తల తిప్పకుండా మలుపు వైపు పోయాయి. తల నెరసిన ఫిట్టరొకాయన మాత్రం కాలు నేలకి ఆనించి మూతని చూశారు.

"పొంగలేదా, కోడలు పిల్లా?"

"లేదు బాబాయ్. రేపు రండి."

"రాకేటి!" అని పెడల్ తొక్కారు.

వెల్లకిలా ఉన్న మూతలో పొగమంచు సన్నటి చుక్కలుగా దిగుతోంది. వెనక్కి తిరిగి చూస్తే, మామగారు పిండి గిన్నెకి మళ్ళీ తన కోటు తొడుగుతున్నారు. కింది నుంచి ఒక్కొక్క గుండీ పెడుతున్నారు.