ఖరాబు ఎక్కడ?

మొన్న ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఫ్యాను బాగుచేయించడానికి వెళ్తే దుకాణంలో వార్నిష్ వాసన గుప్పుమంది. అప్పుడే ఫ్యాను మోటారుకు రాగితీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టినట్టున్నారు. పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుని నిలబడ్డాను. దుకాణం నడిపే బెంగాలీ పెద్దాయన కంగారుపడి కుర్చీ వేశాడు. అది మా రవణమ్మత్త చీర వాసన అని ఆయనకేం తెలుసు!

రవణమ్మత్త నాకు చుట్టమేమీ కాదు. రైల్వే వర్క్‌షాపులో మోటారు కాయిళ్లు చుట్టే సెక్షన్‌లో నాకు పని నేర్పిన మనిషి. వాళ్ల తాతగారు విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చారట. మనిషి పొట్టి, గొంతు మాత్రం సైరన్‌తో పోటీ. మా నాన్న అదే వర్క్‌షాపులో డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయారు. ఆయన పోయినందుకు ఈ సెక్షన్‌లో నాకు ఉద్యోగమిచ్చారు. ఇంత చిన్న వయసులో రైల్వే ఉద్యోగం, అదృష్టవంతురాలివి అన్నారు అందరూ. ఒళ్లు మండేది. అలాంటి అదృష్టం పగవాళ్లకు కూడా వద్దు.

మూడు నెలలు నేను చుట్టిన ప్రతి కాయిలూ పరీక్షలో తప్పింది. ఒకరోజు పక్క బల్ల దగ్గరి బెంగాలీ దీదీ జాలిగా, "మోన్ ఖరాప్?" అని అడిగింది. దిగులుగా ఉందా అని దానర్థం. రవణమ్మత్త చెవిన పడనే పడింది.

"ఓలమ్మో, మనసు ఖరాబైపోనాదేటి?"

"ఈ ఉజ్జోగం నా వల్ల కాదత్తా. రేపే రాజీనామా రాసిచ్చేత్తాను" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

తిడుతుందనుకున్నాను. ఆమె నా చేతిలోని కాయిలు లాక్కుని మీటరుకు తగిలించింది. "ఇదీ ఖరాబే. పారేత్తామేటి? మొత్తం ఇప్పేత్తామేటి? ఎక్కడ ఖరాబో ఎతుకుతాం, అక్కడే ఇప్పుతాం, అక్కడే సుడతాం. నీ మనసు ఎక్కడ ఖరాబో సూసుకోకుండా ఉజ్జోగమంతా ఇప్పేత్తానంటావేటే?"

కోపమొచ్చింది. నా దుఃఖానికీ రాగితీగకీ పోలికా! కానీ ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక అదే ప్రశ్న తిరిగింది. పని నాకు ఇష్టమే. తీగ వేళ్ల కింద వరసగా కుదురుకుంటుంటే హాయిగానే ఉండేది. మనుషులూ మంచివాళ్లే. నా బాధంతా పొద్దున నడిచే ఆ ఐదు నిమిషాల్లో ఉంది. మెయిన్ గేటు నుంచి మా సెక్షన్‌కు పోవాలంటే నాన్న పడిపోయిన చక్రాల షెడ్డు దాటాలి. అది దాటాక రోజంతా చేతులు నా మాట వినేవి కావు.

మర్నాడు ఆమెతో చెప్పాను. ఓస్ ఇంతేనా అనలేదు. "అయితే రేపట్నించి ఎనక గేటు కాడికి రా. సుట్టూ తిరిగెల్దాం" అంది.

అది చాలా దూరం. ఆమెకా మోకాళ్ల నొప్పులు. అయినా ఝపటాపూర్‌లోని తన ఇంటి నుంచి ఆటోలో వచ్చి, నాకంటే ముందే నిలబడి ఉండేది. దారిపొడవునా కోడలి మీదా, ఫోర్‌మన్ మీదా, అన్నీ ముళ్లే ఉన్న చేప అంటగట్టిన చేపలవాడి మీదా తిట్లే తిట్లు. నవ్వలేక చచ్చేదాన్ని. నా కాయిళ్లు పాసవడం మొదలైంది. రాజీనామా మాట మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

వానలు పడ్డాక ఆ దారి మోకాలి లోతు నీళ్లయింది. "అత్తా, ఇయ్యాల షెడ్డులోంచే ఎల్దాం. నీ కాళ్లు తడిసిపోతాయి" అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు నాకే ఆశ్చర్యం. ఆమె ముఖం పాలిపోయింది. అయినా నా చెయ్యి పట్టుకుంది. షెడ్డులో చక్రాల వరసల మధ్యకు వచ్చాక ఇక కదల్లేకపోయింది.

"ఇక్కడేనే. మీ నాన్నకి నీళ్లు పట్టింది నానే. తల నా ఒళ్లోనే ఉంది" అంది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. "ఆ రోజు కాడ్నించీ నానూ ఇటు రాలేదు. నువ్వు సేరకముందు నుంచీ ఎనక గేటే నాది. నీ కోసం తిరిగినాననుకున్నావేటే పిచ్చిదానా? ఒక్కదాన్నే నడవలేక సచ్చిపోయేదాన్ని. నువ్వొచ్చినావు."

ఇద్దరం అక్కడే నిలబడి ఏడ్చాం. పనివాళ్లు పక్కనుంచి తప్పుకుని వెళ్లారు. కాసేపటికి ఆమె కొంగుతో ముందు నా ముఖం, తర్వాత తన ముఖం తుడిచి, "పద పద, లేటు పడిపోతాది" అంది.

రవణమ్మత్త పోయి ఏడాదైంది. పనిలో సంతోషంగా ఉండండంటూ ఎవరైనా ఉపన్యాసమిస్తే నాకిప్పటికీ చిరాకే. దిగులు లేని రోజులు నాకు తక్కువ. అయినా రోజూ ఆ షెడ్డులోంచే డ్యూటీకి వెళ్తాను. ఆమెకు నాకంటే ఎక్కువ భయం వేసిన చోట, నా చెయ్యి వదలకుండా నడిచింది కదా అనుకుంటాను. ఆ నాలుగడుగులు వేశాక మిగతా రోజు నేను చూసుకోగలను.