బాబాయి ఆనుకున్న గోడ

మొన్న మా అమ్మాయి వాళ్ళింట్లో గోడలకు రంగులు వేయించారు. ఇల్లంతా మందుల షాపు వాసన. పని ముగించిన పెయింటరు చేతులు తుడుచుకుంటూ, "దీనికి మరకలంటవండీ, అంటినా తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు" అని గర్వంగా చెప్పాడు. మనిషి మంచివాడే గానీ నాకెందుకో ఒళ్ళు మండింది. మరకలంటని గోడ మీద ఏడాది చివర ఏం చూసుకుంటారని అడగబోయి, పెద్దావిడకు మతి పోయిందనుకుంటారని ఊరుకున్నాను.

గురజాల దగ్గర మా ఊళ్ళో ఉగాది ముందు రోజులంటే సున్నం వాసనే. మిరపకాయలు కల్లం మీంచి ఇంటికి చేరి, వేపచెట్లు పూతకొచ్చి, పొద్దున్నే ఎండ చురుక్కుమంటున్న రోజుల్లో పిడుగురాళ్ళ వైపు నుంచి బండి మీద సున్నపురాళ్ళు వచ్చేవి. నాయనమ్మ వాటిని పెద్ద బానలో వేసి నీళ్ళు పోస్తే అవి బుసబుసమంటూ ఉడికేవి, వేడి ఆవిరి ముక్కుల్ని మండించేది, మేం పిల్లలం దూరంగా తరిమేసినా మళ్ళీ మళ్ళీ వచ్చి తొంగిచూసేవాళ్ళం. అమ్మ అందులో చిటికెడు నీలిమందు కలిపేది, నాన్న ఈతమట్టను రాతి మీద నలగ్గొట్టి కుంచె చేసేవాడు.

కుంచె తడపడానికి ముందు మా ఇంట్లో ఒక తతంగం ఉండేది, ఇంకెవరింట్లోనూ నేను చూడలేదు. నాయనమ్మ అందర్నీ వెంటేసుకుని గోడ పొడుగునా నడుస్తూ, ఏడాదిగా పడ్డ మరకల్ని ఒక్కొక్కటే పలకరించేది. ఇదుగో, వానకు మిద్దె కారిన చార, ఈసారి తొలకరికి ముందే పైన చవుడు మట్టి పోయించాలి. ఇదుగో, దూడ వీపు రుద్దుకున్న చోటు, దాన్నిక ఇవతల కట్టెయ్యొద్దు. చింతపండు వేళ్ళ గుర్తులు కనిపిస్తే నా చెవి మెలిపడేది. అలా పోయిన ఏడంతా గోడ మీద చూసుకున్నాక, వచ్చే ఏటికి ఎవరికేం కావాలో తలా ఒక మాట చెప్పాలి. ఆ తర్వాతే సున్నం. నేనెప్పుడూ కోటప్పకొండ తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కాలనేదాన్ని.

ఆ మరకల్లో అన్నిటికన్నా పెద్దది మా బాబాయిది. నాన్నకు తమ్ముడాయన, నవ్వితే వీధి చివరికి వినపడేది. పొలం నుంచి వచ్చి, జొన్నన్నం గోంగూరతో తిని, వసారాలో గడప పక్కన గోడకు తల ఆనించి కూర్చునేవాడు, మమ్మల్ని ఒళ్ళో వేసుకుని బొంకుకథలు చెప్పేవాడు. ఆ ఆముదం తల ఆని ఆని అక్కడ జొన్నరొట్టెంత గుండ్రటి మరక పడేది. ప్రతి ఉగాదికీ నాయనమ్మ ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి దానిమీద సున్నం కొట్టించేది, వారం తిరక్కుండా ఆయన మళ్ళీ మాపేవాడు.

యుద్ధం రోజుల్లో ఒక ఏడు వానలు మొహం చాటేసి జొన్న నిలువునా ఎండిపోతే, బాబాయి మిలిటరీలో చేరాడు. బర్మా వైపు పంపారన్నారు. మొదట్లో కార్డులు వచ్చేవి, తర్వాత రాలేదు.

ఆ తర్వాతి ఉగాదికి సున్నం కలిపేసరికి మా పిన్ని, బాబాయి భార్య, ఆ మరకకు వీపు ఆనించి కూర్చుంది.

"లేవే, సున్నం చిక్కబడతంది" అంది నాయనమ్మ.

"ఈ ఒక్కచోటు ఉండనీ అత్తా."

"పాతేడు మాపును కొత్తేట్లోకి తేకూడదే. వాడొస్తే మళ్ళీ ఆనుకోడా? వాడు మాపటానికైనా గోడ తెల్లంగా ఉండాలిగా."

పిన్ని వెనక్కి తిరిగి ఆ మరకను అరచేత్తో ఒకసారి తడిమింది. తర్వాత లేచి, నూనె మీద సున్నం పట్టదని, బూడిద తెచ్చి తనే ఆ చోటు రుద్దింది. వచ్చే ఏటికి నీకేం కావాలని నాయనమ్మ అడిగితే, "ఈ గోడ మాసిపోవాలత్తా" అని కుంచె అందుకుంది. సున్నం తడిగా ఉన్నంతసేపూ అడుగున మరక కనపడుతూనే ఉంటుంది, ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. అది పూర్తిగా ఆరిందాకా పిన్ని అక్కడే నిలబడి చూసింది.

ఆ తర్వాత మా ఇంట్లో అన్నిటికన్నా తెల్లని చోటు అదే. వద్దని ఎవరూ చెప్పలేదు గానీ ఎవరం అక్కడ కూర్చునేవాళ్ళం కాదు. చుట్టాలెవరైనా తెలియక ఆనుకోబోతే అమ్మ గబగబా మంచం వాల్చి "ఇటు కూర్చోండి అన్నయ్యా" అనేది. యుద్ధం అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొందరు ట్రంకుపెట్టెలతో తిరిగొచ్చారు, నాన్న అందరి దగ్గరికీ వెళ్ళి అడిగొచ్చాడు, బాబాయిని చూసినవాళ్ళు లేరు. ఏటా నా కోరిక మారేది, రాట్నం నుంచి పట్టీలకు, పట్టీల నుంచి బడికి. పిన్ని కోరిక మాత్రం అదే. ఆ మాట వినగానే నాయనమ్మ "మాసిపోద్దిలే" అని కుంచె చేతికిచ్చేది.

ఒక ఉగాదికి, అందరం చెప్పాక, పిన్ని వంతు వచ్చింది.

"ఈ ఏడు గేదె పెయ్యదూడను ఈనితే చాలత్తా."

"ఏందే?" అంది నాయనమ్మ.

"పాడి ఉంటే పిల్లలకు మజ్జిగన్నా ఉంటది" అంది పిన్ని, నేల చూస్తూ.

నాకప్పటికి పెద్దగా తెలివి లేదు, పెయ్యదూడ వస్తుందని సంబరపడ్డాను. నాయనమ్మ చేతిలోని కుంచెను బానలోకి వదిలేసింది. నడిచి వెళ్ళి, ఇన్నేళ్ళుగా ఎవరూ కూర్చోని ఆ చోట చతికిలబడి, ఆముదం పెట్టిన తన నెత్తిని ఆ తెల్లగోడకు ఆనించి, ఇల్లంతా దద్దరిల్లేలా ఏడ్చింది. కొడుకు కోసం ఆమె ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. అమ్మ లేపబోతే, "ఉండనీ అక్కా" అంది పిన్ని. ఆ ఏడు ఆ ఒక్క చోటికి సున్నం వెయ్యలేదు.

గేదె పెయ్యదూడనే ఈనింది. తర్వాత్తర్వాత నాయనమ్మ పోయింది, పిన్నీ పోయింది, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వసారా కూడా పోయింది. ఇప్పుడు సున్నం ఉడికించేవాళ్ళూ లేరు, ఈతమట్ట కుంచెలూ లేవు. ఆ మాసిన గోడ కోసం ఈ వయసులోనూ నాకు బెంగగానే ఉంటుంది.

నిన్న తలకు నూనె రాసుకుని, ఊరికే, ఆ కొత్త గోడకు ఆనుకుని కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే వసారా, బాబాయి నవ్వు. మా మనవరాలు వచ్చి, "అయ్యో అమ్మమ్మా, కొత్త పెయింటు" అంటూ నన్ను కాస్త ముందుకు జరిపి తడిగుడ్డతో తుడిచింది. వెనక్కి తిరిగి చూశాను. గోడ ఎవరూ ఆనుకోనట్టే ఉంది.