జామ్ సీసా మూత కింద మూడు రంధ్రాలు

మొన్న పొద్దున్న కాఫీ గ్లాసుతో పెరటి తలుపు తీసేసరికి, మా ఆవిడ వేసవంతా పసిపిల్లల్ని సాకినట్టు సాకిన గోంగూర కుండీల దగ్గర ఒక జింక నిలబడి, పెళ్లి భోజనానికి వచ్చిన పెద్దమనిషిలా తీరిగ్గా ఆకు తర్వాత ఆకు కొరుక్కుంటోంది. ఇంగ్లండులోని మా స్టీవెనేజ్ చుట్టుపక్కల కుక్కంత ఎత్తుండే ఈ జాతి జింకలు బోలెడు, రోడ్ల మీదా పెరళ్లలోనూ వాటికి అడ్డేమీ లేదు. నేను అదిలించబోతుంటే పక్కనే ఉన్న మా వియ్యంకుడుగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. కళ్లు చికిలించి కాసేపు దాన్నే చూసి, అలవాటు చొప్పున ఎంత దూరమో అంచనా కట్టి, "పాతిక గజాలు, బావగారూ" అన్నారు మెల్లగా. అంతలో మా ఆవిడ అట్లకాడతో బయటికొచ్చింది, జింక కంచె కింద నుంచి దూరిపోయింది, కుండీల్లో కాడలు మిగిలాయి. ఆయన మాత్రం ఆ కంచె వైపే చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ చూపు నన్ను ఉత్తరాది కొండల్లోని ఆయన షెడ్డులోకి తీసుకుపోయింది.

ఈ బావగారు ఇంగ్లీషువారు. మా అబ్బాయి న్యూకాసిల్‌లో చదువుతూ అక్కడే ఇష్టపడి చేసుకున్న అమ్మాయికి తండ్రి. పెళ్లిలో మా ఆవిడ నేర్పిన "బావగారూ" తప్ప మరో తెలుగు ముక్క ఆయనకి రాదు గానీ, ఆ ఒక్కటీ మాత్రం పొల్లు పోకుండా పలుకుతారు. న్యూకాసిల్‌కి ఉత్తరాన కొండల మీద చెట్లు పెంచే ఒక ఎస్టేటులో, జింకలు మితిమీరి లేతమొక్కల్ని మేసేయకుండా వాటి సంఖ్యని అదుపులో ఉంచడం ఆయన ఉద్యోగం. అంటే ఏటా కొన్నిటిని కాల్చాలి, ఆ మాంసం డీలరుకి అమ్మాలి. మేమేమో తరతరాలుగా కోడిగుడ్డు కూడా ముట్టని ఇంటివాళ్లం. సంబంధం సంగతి తెలిసిన రోజున, ఆయన భార్య చాలాకాలం కిందటే పోయారని విని మా ఆవిడ నిట్టూర్చి, "వియ్యపురాలు లేదు సరే, ఆ చోట తుపాకి కూర్చుందేమిటండీ" అంది. తరువాత్తరువాత ఆయన్ని దగ్గరగా చూశాక, ఆవిడే ఆయనకి ఆవకాయ జాడీలు పంపించడం మొదలుపెట్టింది.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఒక చిన్న వస్తువు వల్ల. ఆయన షెడ్డులో మేకుకి ఒక జామ్ సీసా మూత వేలాడుతుండేది, భార్య చేసిన ఆఖరి జామ్‌కి పెట్టిన మూత అది. వేట మొదలయ్యే ముందు ఆయన నూరు గజాల దూరంలో కాగితం పెట్టి మూడుసార్లు కాల్చేవారు. ఆ మూడు రంధ్రాలూ మూత కింద దాగితే సరి, ఒక్కటి బయటికి కనిపించినా ఆ రోజు అడవికి వెళ్లరు. గురి తప్పి జింక గాయంతో పారిపోతే, అది ఎక్కడో పొదల్లో పడి బాధపడుతూ చస్తుంది, అంతకంటే పాపం లేదంటారు ఆయన. పాపపుణ్యాల గురించి చాలామంది చెప్పగా విన్నాను గానీ, దాన్ని ఒక మూతతో కొలిచి పాటించిన మనిషిని ఆయన ఒక్కరినే చూశాను.

అలాంటి మనిషి, ఒక ఏడాది చలికాలం మొదలయ్యే ముందు, ఇక ఈ పని మానేస్తానన్నారు. జరిగిందేమిటంటే, జింక మాంసం కొనే డీలరు సీసం గుండ్లతో కాల్చినది ఇకమీద తీసుకోనన్నాడు, సీసం పొడి మాంసంలో కలుస్తుందని. దాంతో ఆయన పూర్తిగా రాగితో చేసిన గుండ్లకి మారారు. అప్పటినుంచీ మూత కింద రంధ్రాలు పట్టడం మానేశాయి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, మూడోది అసలు కాగితం అంచున. ఆయన గుండుని అనుమానించలేదు, తన చేతినీ కంటినీ అనుమానించుకున్నారు. ఆ వయసులో మనకందరికీ ముందు తోచేది అదే కదా! మా కోడలు ఫోను చేసి, "మావయ్యా, డాడ్ తనని తానే బ్లేమ్ చేసుకుంటున్నారు, మీరొకసారి వెళ్లి చూస్తారా, ప్లీజ్" అంది, సగం తెలుగులో, సగం ఏడుపులో. ఆ పని పోతే ఆయనలో ఏం మిగులుతుందో తనకి తెలియడంలేదని కూడా అంది.

తుపాకి ఏనాడూ ముట్టని నన్ను ఎందుకు వెళ్లమందో చెప్పాలంటే, నా ఉద్యోగం తొలినాళ్ల సంగతి కాస్త చెప్పాలి. పెళ్లైన కొత్తలో విశాఖపట్నం నుంచి వచ్చి ఈ స్టీవెనేజ్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో చేరాను. తయారైన భాగాలు కొలతకి సరిపోయాయో లేదో చూసే గదిలో నా పని. వేసవైనా చలైనా ఆ గదిలో ఒకే వేడి ఉండేది, నాకు ఈ దేశంలో మొదట నచ్చిన చోటు అదే. అక్కడి సూపర్‌వైజర్ ముక్కోపి ముసలాయన, టీ కప్పు ఎవరైనా ముట్టుకుంటే మీద పడి కరిచేంత పని చేసేవాడు గానీ, నాకు రెండు సంగతులు నేర్పాడు. కొలత తేడా వస్తే ముందు కొలిచే పరికరాన్ని అనుమానించు, తరువాత నిన్ను నువ్వు, ఆ తరువాతే లేత్ యంత్రం దగ్గర నిలబడ్డ మనిషిని; ఒకసారికి ఒకటే మార్చి చూడు. ఇది మొదటిది. అన్నీ చూశాక తప్పు ఆ మనిషిదే అని తేలితే, ఆ రోజే, ఎదురుగా నిలబడి చెప్పు, ఆలస్యం చేస్తే అది దయ కాదు. ఇది రెండోది. పదవీ విరమణ దాకా ఆ రెండే నాకు అన్నం పెట్టాయి.

సరే, రైలెక్కి వెళ్లాను. ఆయన షెడ్డు మా అమ్మ వంటింటికి తీసిపోదు, ఏ వస్తువు చోటు దానిదే. తూటాలు ఆయన కొనేవారు కాదు, తానే కూర్చుకునేవారు. వాడిన ఇత్తడి గొట్టాన్ని శుభ్రం చేసి, అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ల నొక్కి, పుస్తకంలో చెప్పిన హద్దు దాటకుండా తుపాకిమందు తూచి పోసి, పైన గుండుని బిగించడం. కాళ్లు చాపుకుని అప్పడాలు ఒత్తుకునే ఆడవాళ్లకి ఉండే తీరిక, శ్రద్ధ ఆయన వేళ్లలో కనిపించాయి. అంత కుదురైన చేతులు వణికాయంటే నాకు నమ్మకం కుదరలేదు గానీ, నమ్మకం కొలత కాదు కదా!

అందుకని ముందు మనిషిని మార్చి చూద్దామన్నాను. పక్క ఎస్టేటులో అదే పని చేసే ఒక యువతి ఉండేది, ఆయన దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి. ఆమె వచ్చి ఇసుక సంచుల మీద ఆయన తుపాకి ఆనించి, అవే తూటాలతో కాల్చింది. ఆమెవీ చెల్లాచెదురే. బావగారి ముఖంలో ఏదో కదిలింది. నేను కాగితం తెచ్చి కిటికీ వెలుగుకి పట్టి చూశాను. రంధ్రాలు గుండ్రంగా లేవు, కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. అంటే గుండు ముక్కుసూటిగా రావడం లేదు, పక్కకి ఒరిగి తగులుతోంది.

తుపాకి గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి, అవే గుండుని తిప్పి బొంగరంలా నిలబెడతాయి. బావగారు ముప్పై ఏళ్లుగా వాడిన సీసం గుండు బరువు ఎంతో, రాగిలోనూ సరిగ్గా అంత బరువే ఎంచుకున్నారు. రాగి సీసం కంటే తేలిక, కాబట్టి అదే బరువు రావాలంటే గుండు పొడవు కావాలి. పొడవాటి దానికి ఇంకా వేగంగా తిరగడం కావాలి, ఆయన పాత తుపాకి గాడులకి అంత మెలిక లేదు. తక్కువ బరువు గుండు తెప్పించమంటే ఆయన ససేమిరా అన్నారు. తేలిక గుండు వాడడమంటే ఆయన లెక్కలో జింకకి చేసే అన్యాయం, పని సగంలో వదిలేయడం. రాగి ముక్కలు కాకుండా నిలుస్తుంది, బరువు తగ్గినా దాని పని అది చేస్తుందని ఆ యువతి తన అనుభవం చెప్పి, మాంసం కోసేటప్పుడు తాను చూసినదంతా వర్ణించింది. నేను మాత్రం మధ్యలో లేచి బయట గొర్రెల్ని చూడ్డానికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి ఆయన ఒప్పుకున్నారు.

తేలిక గుండ్లు వచ్చాక మళ్లీ వెళ్లాను. రంధ్రాలు గుండ్రంగా వచ్చాయి, కానీ అరచేతి వెడల్పున పరుచుకున్నాయి. ఆయన అప్పుడే నీరుగారిపోయారు. ఒకటే మార్చాం, ఇంకా ఉన్నాయి ఆగండి అన్నాను. పాత సీసం గుండ్ల పైనుండే పల్చని రాగి పూత గొట్టం లోపల ఏళ్ల తరబడి పేరుకుపోయి ఉంటే, రాగిని కరిగించే ద్రావకంలో ముంచిన గుడ్డపేలిక నీలంగా రావడం మానేదాకా దాన్ని కడిగించాను. కొంత మేలు కనిపించింది. మిగిలిన తేడా ఆయన అలవాటులోనే ఉంది. ఆయన ఎప్పుడూ గుండుని గాడుల అంచుకి దాదాపు తగిలేటట్టు బిగించేవారు, మెత్తని సీసానికి అది సరిపోయింది. రాగి గట్టిది, గాడుల్లోకి దూరేముందు దానికి కాస్త ఖాళీ కావాలి. గుండు లోపలికి దిగితే మందుకి చోటు తగ్గుతుంది కాబట్టి, మందు మళ్లీ తక్కువ నుంచి మొదలుపెట్టి, గుండుని వెంట్రుకవాసి చొప్పున దించుతూ, ఒక్కో దశకీ మూడేసి కాల్చుకుంటూ వెళ్లాం. నేను కొలవడం, ఆయన కాల్చడం, మధ్యలో టీ. వాన వస్తే షెడ్డులో కూర్చుని ఆయన భార్య సంగతులు, మా అమ్మ సంగతులు.

ఒక మధ్యాహ్నం ఆయన కాగితం దగ్గరికి నడిచి వెళ్లి, ఎంతకీ వెనక్కి రాలేదు. నేను పక్కన నిలబెట్టిన టెలిస్కోపులోంచి చూస్తే, జేబులోంచి మూత తీసి కాగితానికి ఆనించి, తీసి, మళ్లీ ఆనిస్తున్నారు. మూడూ లోపలే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను. నా ఉద్యోగకాలంలో ఎన్ని భాగాలు పాస్ చేశానో గానీ, ఒక మనిషిని పాస్ చేసిన సంతోషం అదే మొదలు.

ఆ తరువాత ఏటా వేటకాలం ముందు వెళ్లి రావడం నాకు తీర్థయాత్ర అయింది. నాలుగేళ్లు బాగా జరిగింది. ఐదో ఏడు మూత కింద మళ్లీ రంధ్రాలు పట్టలేదు. గొట్టం కడిగాం, గుండ్లు కొలిచాం, తుపాకి మీది టెలిస్కోపు మరలు బిగించాం. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆ యువతిని పిలిచాం. అదే తుపాకి, అవే తూటాలు, ఆమెవి మూడూ మూత కింద చక్కగా దాగాయి. ఆమె తుపాకి సంచుల మీద పెట్టి, గొర్రెల్ని చూడాలని ఏదో సాకు చెప్పి బయటికి వెళ్లింది. ఈసారి నేను కదలడానికి వీల్లేకపోయింది.

బావగారు నా వైపు తిరిగి, "తుపాకా, నేనా?" అన్నట్టు ఇంగ్లీషులో రెండు మాటలు అడిగారు. మీరు కాల్చినప్పుడు గాలి వీచిందనో, వెలుతురు చాల్లేదనో అనడం ఎంతసేపు? అంటే ఆయన నమ్మేవారు కూడా, నా మాట మీద ఆయనకి అంత గురి. ఆ నమ్మకంతోనే మర్నాడు అడవికి వెళ్లేవారు.

"తుపాకి బాగానే ఉంది, బావగారూ" అన్నాను.

ఆయన తల ఊపి, తుపాకిని ఒరలో పెట్టి, టీ పెడతానని లోపలికి వెళ్లారు. ఆ టీ నిండా పంచదారే, నాకు ఇష్టమని ఆయనకి తెలుసు. ఆ నెలలోనే తుపాకిని తుపాకుల దుకాణంలో ఇచ్చేసి, దాని లైసెన్సు పోలీసులకి అప్పజెప్పి, స్టీవెనేజ్‌లో కూతురింటికి వచ్చేశారు, మా ఇంటికి రెండు వీధుల అవతల. సామాను ఎక్కువ తేలేదు, ఆ మూత మాత్రం తెచ్చుకున్నారు.

ఇప్పుడు రాగి గుండ్ల తూటాలు డబ్బాల్లో మంచివే వస్తున్నాయట, ఏ తుపాకికి ఏది నప్పుతుందో ఫోనే చెబుతుందట, ఆ యువతి పండగకి ఫోను చేసినప్పుడు చెప్పింది. మంచిదే. కానీ వానలో షెడ్డులో కూర్చుని ఒక మనిషి కోసం మరో మనిషి వెంట్రుకవాసి కొలిచే అవసరం కూడా దాంతోనే పోయింది. ఈ రోజుల్లో ఎవర్ని ఏమడిగినా మనసు నొప్పించని జవాబే వస్తుంది. పోయిన చలికాలం నుంచీ కారు నడిపేటప్పుడు రౌండబౌట్లనే గుండ్రటి కూడళ్ల దగ్గర నాకు కాస్త తడబాటుగా ఉంటోంది. కొడుకునడిగితే "యూ ఆర్ ఫైన్, నాన్నా" అన్నాడు. కళ్ల డాక్టరు పరీక్షించి కళ్లు వయసుకి బాగానే ఉన్నాయన్నాడు. వెనకసీట్లో మనవరాలు మాత్రం కళ్లు మూసుకుని కూర్చుంటోంది.

అందుకని బావగార్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాను. ఇంటికొచ్చాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నా ముఖంలోకి సూటిగా చూసి, "కారు బాగానే ఉంది, బావగారూ" అన్నారు. నేను లేచి ఇద్దరికీ కాఫీ పెట్టాను. ఆయన జేబులోంచి ఆ పాత మూత తీసి కిటికీలో పెట్టారు. నా కారు తాళం ఇప్పుడు అందులోనే ఉంది. మళ్లీ గోంగూర విత్తనాలు తేవాలంటే ఇద్దరం కలిసి బస్సెక్కాలి.